వేడి వాతావరణంలో పెద్ద వయస్సు వారి మారథాన్ పరుగు

మారథాన్ అనగా 42.195 కిలోమీటర్ల దూరం గల రహదారి పరుగు పందెము. దీనిని వృత్తిగా కాక అభిరుచితో పరిగెత్తేవారి సంఖ్య ప్రపంచమంతటా పెరిగింది. వారిలో యాభై, అరవై, డెబ్భై సంవత్సరాల వారు కూడా ఉన్నారు. ఈ పందేనికి చల్లని వాతావరణం అనుకూలము. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉన్నప్పుడు మేటి పరుగు వీరులు తమ ఉత్తమ ఫలితాలను సాధిస్తారు. అంతకంటే వేడి పెరిగిన కొద్దీ పరుగు మందగిస్తుంది, ప్రమాదము పెరుగుతుంది. వేడిని తట్టుకొనే శక్తి వయస్సుతో పాటు కొంత తగ్గుతుంది గనుక, ఉష్ణ ప్రాంతాలలో పరిగెత్తే పెద్ద వయస్సు వారికి ఈ విషయం మరింత ముఖ్యమైనది. ఈ వ్యాసంలో ఎండ వలన శరీరంలో జరిగే మార్పులు, వయస్సు ప్రభావము, తీసుకొనవలసిన జాగ్రత్తలు వివరించబడినవి.

చరిత్ర

మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్స్ నగరంలో జరిగినప్పుడు మారథాన్ దూరము సుమారు 40 కిలోమీటర్లు. గ్రీకు దేశీయుడైన స్పిరిడాన్ లూయిస్ అందులో విజేత. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921లో ప్రామాణికంగా నిర్ణయించబడింది.

ఒలింపిక్స్ తరచుగా వేసవిలో జరుగుట వలన మారథాన్ చరిత్రలో ఎండ పాత్ర చాలా ఎక్కువ. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఈ పందెము 32 డిగ్రీలు దాటిన వేడిలో, దుమ్ము లేచే మట్టి దారులలో జరిగింది. దారి పొడవునా మంచినీరు దొరికే చోట్లు ఒకటి రెండు మాత్రమే. బయలుదేరిన 32 మందిలో 14 మంది మాత్రమే గమ్యం చేరారు. విజేత థామస్ హిక్స్‌కు పట్టిన కాలం 3 గంటల 28 నిమిషాల 53 సెకండ్లు. ఒలింపిక్ మారథాన్ విజేతలలో ఇదే అతి నెమ్మదైన కాలము. 1908లో లండన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియత్రి స్టేడియం లోపల పలుమార్లు పడిపోయాడు. అధికారులు లేపి గమ్యం దాటించినందుకు అతని విజయము రద్దయింది.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఎండ ప్రాణమే తీసింది. పోర్చుగల్ దేశీయుడు ఫ్రాన్సిస్కో లాజారో సుమారు 30 కిలోమీటర్ల వద్ద కుప్పకూలి మరునాడు మరణించాడు. ఎండ నుండి కాపాడుకొనుటకు అతడు ఒంటికి మైనపు పూత పూసుకున్నాడని, దాని వలన చెమట ఆరే మార్గం మూసుకుపోయిందని చెబుతారు. 1954లో వాంకూవర్‌లో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలలో జిమ్ పీటర్స్ మిగిలినవారికంటే సుమారు 17 నిమిషాలు ముందుగా స్టేడియంలో ప్రవేశించి కూడా పదేపదే పడిపోయి గమ్యం చేరలేకపోయాడు. ఆ తరువాత అతడు మారథాన్ పరిగెత్తలేదు.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ మొదటిసారిగా ప్రవేశపెట్టబడింది. ఆ పందెంలో స్విట్జర్లాండ్ తరఫున పాల్గొన్న 39 సంవత్సరాల గాబ్రియేలా ఆండర్సన్-షీస్ చివరి నీటి కేంద్రాన్ని దాటిపోయింది. చివరి చుట్టును తూలుతూ, ఒక పక్కకు ఒరిగిపోతూ సుమారు ఐదున్నర నిమిషాలకు పైగా నడిచి 37వ స్థానంలో గమ్యం చేరింది. ఆమెకు ఇంకా చెమట పడుతున్నదని గమనించిన వైద్యులు ఆపకుండా వెంట నడిచారు. అదే క్రీడలలో పురుషుల మారథాన్‌ను 37 సంవత్సరాల కార్లోస్ లోపెస్ 2 గంటల 9 నిమిషాల 21 సెకండ్లలో గెలుచుకున్నాడు. ఒకే నగరంలో, ఒకే వారం వ్యవధిలో, దాదాపు ఒకే వయస్సు గల ఇద్దరికి దక్కిన ఫలితాలు ఇవి. వేడిలో పరుగు ఫలితాన్ని వయస్సు ఒక్కటే నిర్ణయించదని దీనివలన తెలుస్తుంది.

2019లో ఖతార్ రాజధాని దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల మహిళల మారథాన్‌ను ఎండకు జడిసి అర్ధరాత్రి వేళ ప్రారంభించారు. అయినప్పటికీ 30 డిగ్రీలు మించిన వేడి, అధిక తేమ వలన 68 మందిలో 28 మంది మధ్యలోనే విరమించుకున్నారు. కోవిడ్ వలన 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్‌ను ఎండ కారణంగానే ఉత్తరాన ఉన్న సప్పోరో నగరానికి మార్చారు.

శరీరంలో వేడి పుట్టుక, విసర్జన

కండరాలు పనిచేసేటప్పుడు ఆహారం నుండి వచ్చే శక్తిలో నాలుగవ వంతు కంటే తక్కువ భాగమే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా వెలువడుతుంది. సమతల నేలమీద పరిగెత్తే మనిషికి ఒక కిలోమీటరుకు, శరీరపు బరువులో ప్రతి కిలోకు, సుమారు 1 కిలోకాలరీ శక్తి ఖర్చవుతుంది. ఈ లెక్కన 65 కిలోల మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తితే గంటకు 520 కిలోకాలరీలు ఖర్చై, అందులో సుమారు 400 కిలోకాలరీల వేడి పుడుతుంది. అంత బరువు గల శరీరము 1 డిగ్రీ వేడెక్కుటకు సుమారు 54 కిలోకాలరీలు చాలు. అనగా ఈ వేడి బయటకు పోయే మార్గమే లేకపోతే ప్రతి 8 నిమిషాలకు శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. అరగంట లోపలే ప్రాణాపాయ స్థితి వస్తుంది. అలా జరగకపోవుటకు కారణము చెమట.

ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి అయితే సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసుకొనిపోతుంది. పై ఉదాహరణలోని మనిషికి గంటకు సుమారు 700 మిల్లీలీటర్ల చెమట ఆవిరైతే సరిపోతుంది. ఇక్కడ గుర్తుంచుకొనవలసినది, చల్లదనాన్ని ఇచ్చేది చెమట పట్టడం కాదు, అది ఆవిరి కావడం. నేలమీదకు కారిపోయిన చెమట వలన శరీరంలోని నీరు తగ్గుతుందే తప్ప చల్లదనం రాదు.

పుట్టే వేడి పరుగు వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం తగ్గిస్తే వేడి పుట్టుక వెంటనే తగ్గుతుంది. అందువలన ఎండలో మొదటి మందు నీరు కాదు, నెమ్మదించడమే.

ఉక్కపోత ప్రభావము

మట్టి కుండలోని నీరు చల్లబడే విధానమే మనిషి శరీరానికీ వర్తిస్తుంది. పొడి ఎండల రోజులలో కుండ నీరు చల్లగా ఉంటుంది. సముద్రతీరంలో ఉక్కపోత రోజున అదే కుండలోని నీరు అంతగా చల్లబడదు. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉండుట వలన కుండ పైకి ఊరిన నీరు ఆవిరి కాలేకపోవడమే దీనికి కారణం. అలాగే 40 డిగ్రీల పొడి ఎండకంటే 30 డిగ్రీల ఉక్కపోత ఒక్కొక్కసారి పరుగు తీసేవారికి ఎక్కువ కష్టం కలిగించవచ్చును.

ఈ కారణంగా కేవలం ఉష్ణమాపకం చూపే అంకెను నమ్మరాదు. 1950 దశకంలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాలలో వడదెబ్బ మరణాలను నివారించుటకు వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత అనే కొలతను రూపొందించారు. ఇందులో మూడు అంకెలు కలుస్తాయి. తడి బట్ట చుట్టిన ఉష్ణమాపకం చూపే విలువకు 70 శాతం, ఎండలో ఉంచిన నల్లని గోళంలోని విలువకు 20 శాతం, నీడలోని గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం ప్రాధాన్యము ఇస్తారు. ఉదాహరణకు ఇవి వరుసగా 26, 40, 30 డిగ్రీలైతే మొత్తం 18.2 + 8 + 3 = 29.2 డిగ్రీలు. గాలి ఉష్ణోగ్రత 30 మాత్రమే అయినా ఇది ప్రమాదకరమైన రోజు. ఈ కొలత 28 డిగ్రీలు మించినప్పుడు దూరపు పరుగు పందేలను రద్దు చేయుట గానీ వాయిదా వేయుట గానీ మంచిదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచించింది.

వయస్సుతో వచ్చే మార్పులు

వయస్సు పెరిగిన కొద్దీ శరీరంలో ఈ క్రింది మార్పులు కలుగుతాయి.

* గుండె వేగపు గరిష్ఠ పరిమితి తగ్గుతుంది. 220 నుండి వయస్సును తీసివేయుట పాత లెక్క. 208 నుండి వయస్సులో 70 శాతాన్ని తీసివేయుట 2001లో ప్రతిపాదించబడిన లెక్క. 60 సంవత్సరాల వారికి మొదటి లెక్కన 160, రెండవ లెక్కన 166 వస్తుంది. ఇవి సగటు విలువలు మాత్రమే.
* శరీరము ఆక్సిజన్‌ను వినియోగించుకొనే గరిష్ఠ సామర్థ్యము వ్యాయామం లేనివారిలో దశాబ్దానికి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పక వ్యాయామం చేసేవారిలో ఈ తగ్గుదల తక్కువ.
* చెమట గ్రంథుల సంఖ్య దాదాపు అలాగే ఉన్నా ఒక్కొక్క గ్రంథి స్రవించే చెమట తగ్గుతుంది. చర్మానికి రక్త ప్రసారము కూడా తగ్గుతుంది.
* దాహం వేయడం ఆలస్యమవుతుంది. శరీరంలో నీరు తగ్గినా పెద్దవారికి దప్పిక అంతగా తెలియదు.
* మూత్రపిండాలు నీటిని నిలిపి ఉంచే శక్తి, అధికమైన నీటిని వెంటనే విసర్జించే శక్తి రెండూ తగ్గుతాయి.

వేడిలో పరిగెత్తేటప్పుడు గుండె రెండు పనులు చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, చల్లబరచుటకు చర్మానికీ పంపాలి. చెమట వలన రక్తంలోని నీరు తగ్గిన కొద్దీ అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. చలికాలంలో సులువుగా అనిపించిన వేగమే వేసవిలో గుండెను పరిమితి వరకు తీసుకొనిపోవుటకు కారణం ఇదే. అందువలన ఎండ రోజున గడియారాన్ని కాక నాడిని, ఊపిరిని అనుసరించి పరిగెత్తవలెను. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగము క్షేమకరమైనదిగా భావించవచ్చును.

అయితే ఈ తగ్గుదలలో కొంత భాగం వయస్సు వలన కాక కదలిక లేకపోవుట వలన కలుగుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేస్తున్న అరవై ఏళ్ళ వ్యక్తి, కుర్చీకి అలవాటుపడిన నలభై ఏళ్ళ వ్యక్తి కంటే వేడిని బాగా తట్టుకొనవచ్చును.

వేడికి అలవాటు పడుట

శరీరము వేడికి అలవాటు పడగలదు. ప్రతిరోజూ గంట లేక గంటన్నర సేపు వేడిలో తేలికపాటి వ్యాయామం చేస్తే 10 నుండి 14 రోజులలో ఈ మార్పు చాలావరకు పూర్తవుతుంది. మొదటి కొద్ది రోజులలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. తరువాత చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పెద్ద వయస్సు వారిలోనూ ఈ మార్పు జరుగుతుంది, కాని మరికొంత సమయం ఇవ్వవలెను. అలవాటు మానిన కొద్ది వారాలలోనే ఈ లాభం పోతుంది. కనుక శీతల దేశాలలో నివసించే తెలుగువారు సెలవులకు స్వస్థలానికి వచ్చి వెంటనే దూరపు పరుగు పందెంలో పాల్గొనుట మంచిది కాదు.

నీరు, ఉప్పు

పరుగులో గంటకు అర లీటరు నుండి రెండు లీటర్ల వరకు చెమట పోవచ్చును. ఇది మనిషి మనిషికి మారుతుంది. తన అవసరం తెలుసుకొనుటకు సులభమైన పద్ధతి, గంటసేపు పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకొనడం. తగ్గిన ప్రతి కిలో సుమారు ఒక లీటరు నీటికి సమానము. మొత్తం తగ్గుదల శరీర బరువులో 2 శాతం మించకుండా చూచుకొనుట మంచిదని నిపుణులు సూచిస్తారు. 65 కిలోల వారికి ఇది 1.3 కిలోలు.

నీరు తక్కువైతే ఎంత ప్రమాదమో, ఎక్కువైతే కూడా అంతే ప్రమాదము. అధికంగా నీరు త్రాగుట వలన రక్తంలోని సోడియం పలచబడి లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే దానిని హైపోనట్రీమియా అంటారు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి ఈ స్థితి ఉన్నట్లు 2005లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. నాలుగు గంటలకు పైగా పరిగెత్తేవారు, పరుగులో బరువు పెరిగినవారు దీనికి ఎక్కువగా గురి అయ్యారు. తలనొప్పి, వాంతులు, వాపు, తికమక దీని లక్షణాలు. ఇవి వడదెబ్బ లక్షణాల వలె ఉండుట వలన మరింత నీరు త్రాగించి ప్రమాదాన్ని పెంచే అవకాశము కలదు. పరుగు తరువాత బరువు పెరిగి ఉంటే అది నీటి కొరత కాదని గ్రహించవలెను.

ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నిమ్మరసం, ఓ.ఆర్.ఎస్. ద్రావణం తెలుగువారికి తెలిసిన మంచి పానీయాలు. ఇంటివద్ద ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపి ఈ ద్రావణం తయారు చేసుకొనవచ్చును. కొబ్బరి నీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కనుక చెమటలో పోయిన ఉప్పును అది ఒక్కటే భర్తీ చేయజాలదు. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు, చక్కెర, కొబ్బరి నీటి విషయంలో వైద్యుని సలహా పాటించవలెను.

వ్యాధులు, మందులు

యాభై దాటినవారిలో చాలామంది ఏదో ఒక మందు వాడుతుంటారు. వాటిలో కొన్ని వేడిలో ఇబ్బంది కలిగిస్తాయి.

* రక్తపోటుకు ఇచ్చే మూత్రవిసర్జక మందులు శరీరంలోని నీటిని, ఉప్పును తగ్గిస్తాయి.
* బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. వీటిని వాడేవారికి నాడిని బట్టి వేగం నిర్ణయించుకొనే లెక్కలు సరిపోవు.
* జలుబుకు, అలర్జీకి వాడే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి.
* ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాలకు హాని చేయవచ్చును. మోకాలి నొప్పికి పందెం ఉదయాన వీటిని వేసుకొనుట మంచి అలవాటు కాదు.
* ఇన్సులిన్, కొన్ని మధుమేహపు మాత్రలు వాడేవారికి పరుగులో రక్తంలోని చక్కెర పడిపోవచ్చును.

వైద్యుని అడగకుండా ఈ మందులను మానివేయుట కూడా ప్రమాదమే.

పెద్ద వయస్సు వారిలో గుండె జబ్బు బయటపడకుండా ఉండవచ్చును. 2000 నుండి 2010 వరకు అమెరికాలో జరిగిన మారథాన్, అర్ధ మారథాన్ పందేలలో పాల్గొన్న 1 కోటి 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగిపోయిందని, వారిలో 42 మంది మరణించారని 2012లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అనగా ఇది అరుదైన విషయము. అయినను సాధన ప్రారంభించుటకు ముందు వైద్య పరీక్ష చేయించుకొనుట, ఛాతీ బరువును, అలవాటులేని ఆయాసాన్ని నిర్లక్ష్యం చేయకుండుట అవసరము.

ప్రమాద సూచనలు, ప్రథమ చికిత్స

కండరాల పట్టు, తల తిరుగుట, ఒళ్ళు గగుర్పొడుచుట, వాంతి వచ్చునట్లుండుట తొలి సూచనలు. ఈ దశలో పరుగు ఆపి నీడకు చేరితే చాలావరకు కోలుకుంటారు. మాట తడబడుట, తూలుట, కోపము, పొంతనలేని మాటలు, స్పృహ తప్పుట వంటివి కనిపించి శరీర అంతర్గత ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించితే అది వడదెబ్బ. పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట ఆగిపోవాలన్న నియమం లేదు. చెమట పడుతున్నది గనుక వడదెబ్బ కాదనుకొనుట తరచుగా జరిగే పొరపాటు. తాను బాగానే ఉన్నానని రోగి చెప్పినా నమ్మరాదు, మొదట దెబ్బతినేది వివేచనే.

వడదెబ్బకు చికిత్సలో సూత్రము ఒక్కటే: మొదట చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రికి తరలించాలి. మంచు కలిపిన నీటి తొట్టిలో మెడవరకు ఉంచుట అత్యుత్తమ పద్ధతి. అమెరికాలోని ఫాల్‌మౌత్ రోడ్ రేస్‌లో 18 సంవత్సరాలలో ఇట్లు చికిత్స పొందిన 274 మంది వడదెబ్బ రోగులలో అందరూ బ్రతికారు. తొట్టి లేనిచోట బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, తడి తువ్వాళ్ళు మారుస్తూ, గాలి విసురుతూ ఉండాలి. స్పృహ లేనివారికి నోటిద్వారా ఏమీ ఇవ్వరాదు. జ్వరం మాత్రలు వడదెబ్బకు పనిచేయవు.

నెమ్మదిగా పరిగెత్తేవారి ప్రత్యేక కష్టము

మారథాన్‌లో విజేతకు రెండు గంటల పైచిలుకు కాలం పడుతుంది. అరవై దాటిన సాధారణ వ్యక్తికి ఐదు, ఆరు గంటలు పట్టవచ్చును. తెల్లవారుజామున 5 గంటలకు ప్రారంభమైన పందెంలో విజేత ఎండ ముదరకముందే ఇంటిదారి పడతాడు. పెద్దాయన మాత్రం 10, 11 గంటల ఎండను, ఎక్కువ అలసిన శరీరంతో, చివరి పది కిలోమీటర్లలో ఎదుర్కొంటాడు. అప్పటికి నీటి కేంద్రాలలో నీరు అయిపోవచ్చును, దారి వాహనాలకు తెరిచి ఉండవచ్చును. అనగా అందరికంటే తక్కువ తట్టుకోగలిగినవారే అందరికంటే ఎక్కువ ఎండను భరించవలసి వస్తుంది.

2007 అక్టోబరు 7న చికాగో మారథాన్‌లో ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీలకు చేరింది. కొన్ని కేంద్రాలలో నీటి కొరత ఏర్పడింది. సుమారు మూడున్నర గంటల తరువాత నిర్వాహకులు పందేన్ని నిలిపివేశారు. అప్పటికి వేగవంతులు గమ్యం చేరి ఉన్నారు, దారిలో చిక్కుకున్నది నెమ్మదిగా వచ్చేవారే. కనుక పందెం ఏర్పాట్లను చివరి మనిషి గమ్యం చేరే గంటను బట్టి నిర్ణయించుట న్యాయము.

తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో ముంబయి మారథాన్ 2004లో ప్రారంభమైంది, అది జనవరిలో జరుగుతుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుండి గచ్చిబౌలి వైపు సాగే ఈ దారిలో ఎత్తుపల్లాలు ఎక్కువ. వానాకాలపు తేమ వలన మబ్బు పట్టిన రోజున కూడా చెమట ఆరదు. విశాఖపట్నం సముద్రతీరంలో తూర్పు నౌకాదళం నిర్వహించే నేవీ మారథాన్ సంవత్సరాంతంలో జరుగుతుంది. అక్కడ చలికాలంలోనూ సూర్యోదయం తరువాత ఉక్క ఉండవచ్చును. ఏప్రిల్, మే నెలలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, దూరపు సాధనను తెల్లవారకముందే ముగించుట లేదా దూరాన్ని తగ్గించుట మంచిది.

పేరొందిన పెద్ద వయస్సు పరుగు వీరులు

కెనడాకు చెందిన ఎడ్ విట్లాక్ 2003లో, డెబ్భై దాటిన వయస్సులో మూడు గంటల లోపు మారథాన్ పూర్తిచేసిన మొదటి వ్యక్తి అయ్యాడు. మరుసటి సంవత్సరం 73 ఏళ్ళ వయస్సులో 2 గంటల 54 నిమిషాల 48 సెకండ్లలో పూర్తిచేశాడు. పంజాబ్‌లో జన్మించి బ్రిటన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్ పాస్‌పోర్టు ప్రకారం 1911లో జన్మించాడు. 2000లో, 89వ ఏట, మొదటి మారథాన్‌ను లండన్‌లో పరిగెత్తి, 2011లో టొరంటోలో నూరేళ్ళ వయస్సులో మరొకటి పూర్తిచేశాడు. జనన ధ్రువపత్రం లేనందున గిన్నిస్ సంస్థ దీనిని రికార్డుగా గుర్తించలేదు. ఆయన 2025 జులై 14న రోడ్డు ప్రమాదంలో మరణించాడు. లండన్, టొరంటో రెండూ చల్లని వాతావరణపు పందేలు కావడం గమనార్హము.

విరమణ

మధ్యలో ఆగిపోయినవారి పేరు ఎదుట ఫలితాల పట్టికలో డి.ఎన్.ఎఫ్. అని వ్రాస్తారు. నెలల తరబడి సాధన చేసినవారికి ఇది బాధాకరమే. ఈ అక్షరాలకు భయపడి తొలి సూచనలను లెక్కచేయకపోవుట వలననే పలు ప్రమాదాలు జరుగుతాయి. పందెం ముందురోజే "ఈ లక్షణం కనిపిస్తే ఆగిపోతాను" అని నిర్ణయించుకొని కుటుంబానికి, తోటివారికి చెప్పి ఉంచుట మేలు, ఎండలో ఆలోచన సరిగా సాగదు.

లాజారో కుప్పకూలిన 1912 స్టాక్‌హోమ్ పందెంలోనే జపాన్‌కు చెందిన షిజో కనకురి కూడా పరిగెత్తాడు. ఎండకు తాళలేక మధ్యలో విరమించుకొని ఎవరికీ చెప్పకుండా స్వదేశానికి వెళ్ళిపోయాడు. తరువాత జపాన్‌లో దూరపు పరుగుల అభివృద్ధికి కృషి చేశాడు. 1967లో స్వీడన్ వారు ఆహ్వానించగా 75 ఏళ్ళ వయస్సులో స్టాక్‌హోమ్ స్టేడియంలో మిగిలిన పరుగును పూర్తిచేశాడు. అతనికి పట్టిన కాలం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.379 సెకండ్లుగా నమోదు చేశారు. అతడు 1983లో, తొంభై దాటిన వయస్సులో మరణించాడు.